నూనె అంటని దారాలు

లూదియాకు కుక్కలంటే భయం. బర్రెలంటే భయం. బస్సు కండక్టరు గట్టిగా కేకేస్తే భయం. వాన పడితే నల్లరేగడిలో కాలు కూరుకుపోతుందని భయం, ఎండ కాస్తే పాములు బయటికి వస్తాయని భయం. ఇంత భయస్తురాలిని ఏరికోరి ఆళ్ళగడ్డ పల్లెలకు పంపిన వాళ్ళ తెలివిని ఏమనాలో మరి. ఆ రోజుల్లో ఆళ్ళగడ్డ పేరు ఎత్తితే నంద్యాలలో పెద్ద పెద్ద మీసాలవాళ్ళు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని గొంతు తగ్గించేవాళ్ళు.

ఆమె నంద్యాల బడిపంతులు సంజీవయ్య కూతురు. పదో తరగతి పాసై ఇంట్లో ఉండగా, పల్లెల్లో పసిపిల్లలను కనిపెట్టి చూసే పనికి ఆడపిల్లలు కావాలని ఒక చిన్న బాలసేవా సంఘం వాళ్ళు వెతుకుతున్నారని తెలిసింది. అది డెబ్బయ్యారో సంవత్సరం. సంజీవయ్య కూతురి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అక్కడి బల్లమీద కూర్చోబెట్టాడు.

"నాకు భయం నాయనా" అంది లూదియా.

"దేవుని పనికి భయమేందీ?" అన్నాడాయన. అన్న మనిషి ఆళ్ళగడ్డ దాకా ఎన్నడూ పోయిన పాపాన పోలేదు.

సంఘాన్ని నడిపేది కమలాక్షమ్మ. నేత చీర, మందపాటి కళ్ళద్దాలు, గడియారం చూసుకుంటూ నడిచే నడక. మంచి మనిషే, కానీ పని గురించి వంద ప్రశ్నలు అడిగేది, పనిచేసే మనిషి గురించి ఒక్కటీ అడిగేది కాదు. శిక్షణకు వచ్చిన పన్నెండుమంది అమ్మాయిలకు ఆమె నేర్పిన విద్యల్లో ముఖ్యమైనది దారం విద్య.

ఊరూరా త్రాసు మోసుకుని తిరగలేరు కదా. అందుకని నెలకొకసారి ఐదేళ్ళలోపు పిల్లల ఎడమ జబ్బ చుట్టూ తెల్ల నూలుదారం చుట్టాలి. సరిగ్గా చుట్టూ వచ్చినచోట బ్లేడుతో కోయాలి. ఆ ముక్కను నోటుబుక్కులో ఆ పిల్ల పేరున్న పేజీలో, తేదీ పక్కన, తుమ్మజిగురుతో అతికించాలి. పోయిన నెల దారం కన్నా ఈ నెల దారం పొడుగ్గా ఉంటే పిల్ల ఒళ్ళు చేస్తున్నట్టు. పొట్టిగా ఉంటే ఆస్పత్రికి తీసుకుపోవాలి. అక్షరం రాని తల్లి కూడా చూసి తెలుసుకోవచ్చునని కమలాక్షమ్మ గొప్పగా చెప్పుకునేది. శిక్షణలో అమ్మాయిలు ఒకరి జబ్బ ఒకరు కొలుచుకుని నేర్చుకున్నారు. ఆ పన్నెండు దారాలనూ కమలాక్షమ్మ ఒక అట్టమీద పేర్లతో సహా అతికించి పెట్టెలో దాచింది.

లూదియాకు ఆళ్ళగడ్డలో ఒక అద్దె గది, చుట్టుపక్కల మూడు పల్లెలు వచ్చాయి. వారమంతా పల్లెలు తిరగడం, శనివారం పొద్దున్నే బస్సెక్కి నంద్యాల వచ్చి నోటుబుక్కు చూపించడం ఆమె పని. ప్రతి ఊరి పొలిమేరలోనూ ఆగి, కళ్ళు మూసుకుని, చిన్న ప్రార్థన చేసుకుని అడుగు లోపల పెట్టేది. రెండేళ్ళపాటు అలాగే నెట్టుకొచ్చింది. పిల్లలు మాత్రం ఆమెను చూడగానే జబ్బలు చాపుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళు. వాళ్ళ ముందు ఆమెకు భయం ఉండేది కాదు.

మూడు పల్లెల్లో చివరిది నల్లబండపల్లె. అక్కడ మద్దిలేటి అనే రైతు ఇల్లుంది. తాతల నాటి పొలం, రాతి మిద్దె, ఇంటి ముందు ఎడ్లు. ఊళ్ళో రెండు వర్గాలుండేవి, మద్దిలేటి ఒక వర్గంలో ముందు నిలబడే మనిషి. అతని భార్య రెండో కాన్పులో పోయింది. నాలుగేళ్ళ రామయ్యను, ఏడాదిన్నర చెన్నమ్మను అతని తల్లి ఆదిలక్ష్మమ్మ సాకుతుండేది. చెన్నమ్మను ఇంట్లో అందరూ చెన్నీ అని పిలిచేవాళ్ళు.

డెబ్బై ఎనిమిది శ్రావణమాసంలో రామయ్య పోయాడు. వాంతులు, విరేచనాలు, మూడు రోజుల్లో అంతా అయిపోయింది. దానికి ఎనిమిది రోజుల ముందే లూదియా వాడి జబ్బ కొలిచింది. అంతకు ముందు నెలకన్నా దారం కాస్త పొడుగే వచ్చింది. ఆమె లెక్క ప్రకారం వాడు బాగున్నాడు. కబురు తెలిశాక గదిలో కూర్చుని రెండు రోజులు ఏడ్చింది. శనివారం నంద్యాలలో ఎవరైనా ఒక మాట అడుగుతారేమో అనుకుంది. పోయిన పిల్లల పేజీమీద ఎర్రసిరాతో అడ్డగీత గీసి తేదీ వేయాలని సంఘంలో నియమం. కమలాక్షమ్మ ఎర్రసిరా కలం అందించి, గీత సరిగా గీసిందా లేదా చూసి, పక్కనున్న అమ్మాయి నోటుబుక్కు అందుకుంది. అంతే.

మరుసటి నెల చెన్నిని కొలవడానికి వెళితే మద్దిలేటి గడపలో అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో కొడవలి ఉంది.

"ఏమ్మే, మళ్ళా వచ్చినావా? మా పిల్లోని దారం ఎత్తుకపోయింది సాలదా? ఇంకోసారి ఈ గడప తొక్కితే కాళ్ళు నరుకుతా."

ఆ ఊళ్ళో ఆ మాట ఊరికే అనరు. కాళ్ళు నరికినవాళ్ళు, కాళ్ళు పోయిన మనుషులు అక్కడ ఉన్నారు. లూదియా వెనక్కి తిరిగింది. పరుగెత్తితే వెంటపడతాడేమోనని నడిచింది. గదికి చేరి తలుపు గడియ వేసుకుని చూసుకుంటే ఒక కాలికి చెప్పు లేదు.

శనివారం దగ్గర పడింది. చెన్ని పేజీలో ఆ నెల గడి ఖాళీగా ఉంది. వెళ్ళలేదని చెబితే ఎందుకు వెళ్ళలేదని అడుగుతారు. భయపడ్డానని చెబితే, భయపడేదానివి ఈ పనికెందుకొచ్చావని ఇంటికి పంపిస్తారు. నాయన తలెత్తుకోలేడు. శుక్రవారం మధ్యాహ్నం లూదియా దారపుండ తీసి, పోయిన నెల దారం పక్కన పెట్టి, ఒక బియ్యపు గింజంత పొడుగు ఎక్కువ చూసుకుని కోసింది. జిగురు పూసి అతికించింది. పక్కన 'ఆరోగ్యంగా ఉంది' అని రాసింది.

ఆ తరువాతి నెల ఊరి బయట వేపచెట్టు దాకా పోయింది. ఆ ఇంటి పొయ్యి పొగ కనిపించగానే చెట్టు మొదట్లో వాంతి చేసుకుని వెనక్కి వచ్చింది. ఇంకో బియ్యపు గింజ. మూడో నెల వేపచెట్టు దాకా కూడా పోలేదు. ఇంకో గింజ. అన్నం సహించడం మానేసింది. తలుపు చప్పుడైతే కొడవలి గుర్తొచ్చేది. దానికన్నా పెద్ద భయం ఇంకొకటి లోపల కూర్చుంది. ఆ ఇంట్లో చెన్ని ఎలా ఉందో? ఆ పిల్లకూ ఏమైనా అయితే, మూడుసార్లు 'ఆరోగ్యంగా ఉంది' అని రాసిన చేతిని ఏం చేసుకోవాలి?

నాలుగోసారి దొంగదారం కోయవలసిన అవసరం రాలేదు. నవంబరు చివరి శనివారం కమలాక్షమ్మ నోటుబుక్కు తిరగేస్తూ చెన్ని పేజీ దగ్గర ఆగింది. వేలితో దారాలను ఒక్కొక్కటీ తడిమింది. కళ్ళద్దాలు పైకెత్తి పేజీని ముక్కు దగ్గర పెట్టుకుంది. తరువాత మిగతా అమ్మాయిలను వరండాలోకి పొమ్మంది.

"లూదియా, ఈ మూడు దారాలకు నూనె అంటలేదే."

పసిపిల్లల ఒంటికి ఆముదమో, మంచినూనో రాయని ఇల్లు ఆ సీమలో లేదు. జబ్బకు చుట్టిన ఏ దారమైనా జిడ్డు పట్టి, కాగితంమీద మరకై కూర్చుంటుంది. ఈ మూడూ ఉండలోంచి అప్పుడే తీసినట్టు తెల్లగా ఉన్నాయి. లూదియా చదువు, తెలివి, బియ్యపు గింజల కొలత, అన్నీ అక్కడ పట్టుబడిపోయాయి. నేలమీద కూలబడి, "నేను పోలేదమ్మా. మద్దిలేటి గడప తొక్కనియ్యలేదు" అంది.

తిడుతుందనుకుంది. నోటుబుక్కు లాక్కుని ఇంటికి పొమ్మంటుందనుకుంది. కమలాక్షమ్మ లేచి పెట్టె తెరిచి, శిక్షణనాటి అట్ట తీసింది. దారపుండ తీసుకుని లూదియా పక్కన నేలమీదే కూర్చుంది.

"చెయ్యి చాపు."

లూదియా ఎడమ జబ్బ చుట్టూ దారం చుట్టి కోసింది. అట్టమీద 'లూదియా' అని రాసివున్న దారం పక్కన పెట్టింది. రెండేళ్ళ కిందటి దారంకన్నా అది రెండు వేళ్ళు పొట్టిగా ఉంది.

"ఇదే పిల్లది అయ్యింటే ఏం చేస్తాంటిమి?" అంది కమలాక్షమ్మ.

"ఆస్పత్రికి తీసకపోతాంటిమి."

"ప్రతి శనివారం నా ఎదురుగ్గానే కూచుంటివి. నేను నోటుబుక్కు చూస్తాంటి, నిన్ను చూడకపోతి. తప్పు నీ ఒక్కదాందే కాదు." ఆమె గొంతు గట్టిగానే ఉంది, కళ్ళద్దాలు మాత్రం తీసి కొంగుతో తుడుచుకుంది. "ఆయప్ప ఏమన్నాడు? ఒక్క మాట విడవకుండా చెప్పు."

"కాళ్ళు నరుకుతానన్నాడమ్మా."

"దానికి ముందు?"

మూడు నెలలుగా లూదియా చెవుల్లో మోగుతున్నది కాళ్ళు నరుకుతానన్న మాటే. ముందుమాట కోసం వెతుక్కోవలసి వచ్చింది. "మా పిల్లోని దారం ఎత్తుకపోయింది సాలదా అన్నాడు."

కమలాక్షమ్మ చేతిలోని దారపుండను పక్కన పెట్టేసింది.

"మన ఊర్లల్లో పిల్లోళ్ళకు దారం కట్టేటోళ్ళు ఉండారు, దిష్టి తగలకుండా. కట్టిన దారం దానంతటది తెగాల్నే గానీ ఎవురూ కోయరు. నువ్వు చుట్టినావు, కోసినావు, ఎత్తుకపోయినావు. ఎనిమిది దినాలకు పిల్లోడు పోయినాడు. వాళ్ళేమనుకుంటారు?"

"వానికి విరేచనాలు పట్టుకున్యాయమ్మా!"

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్ళు చూసింది దారాన్ని. రెండేండ్ల నుంచి నేనే కోయిస్తాండా, నాకు తట్టనేలేదు." ఆమె గడియారం చూసింది. "ఆ పిల్లను చూసి మూడు నెలలాయె. లెయ్యి. పన్నెండు గంటల బస్సుకు పోదాం."

"నాకు భయమమ్మా."

"నాకూ భయమే" అంది కమలాక్షమ్మ. "ఈ పనిలోకొచ్చిన పద్దెనిమిదేండ్ల నుంచి భయమే. ఎవురూ అడగల్యా, నేనూ చెప్పల్యా. ఆడ మాట్లాడేది మాత్రం నువ్వే. నేను పక్కన నిలబడ్తా. నువ్వు పడిపోతే పట్టుకుంటా."

ఆ మాట లూదియాకు బస్సంతా తోడుగా ఉంది. అయినా ఆళ్ళగడ్డలో దిగి నడుస్తుంటే వేపచెట్టు మొదట్లో మళ్ళీ వంగిపోయింది. కమలాక్షమ్మ ఆమె నుదురు పట్టుకుని, వాంతి అయ్యేదాకా ఉండి, తన సీసాలో నీళ్ళు తాగించింది. తొందర పెట్టలేదు.

ఆదిలక్ష్మమ్మ అరుగుమీద చెన్నిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. లూదియా ముందు చూసింది పిల్లనే. బతికే ఉంది. ఆ ఒక్క సంగతికి గుండె కుదుటపడేలోపే, పిల్ల మెడ వాలిపోయి ఉండటం, కాళ్ళు పుల్లల్లా ఉండటం కనిపించాయి. సరిగ్గా అప్పుడే గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని మద్దిలేటి వచ్చాడు. మోపు నేలకేసి కొట్టాడు. కొడవలి చేతిలోనే ఉంది.

"ఏమన్నాను నేను?" అన్నాడు.

కమలాక్షమ్మ ఒక అడుగు లూదియా దగ్గరికి జరిగింది, భుజం భుజానికి తగిలేటంత.

"అన్నా" అంది లూదియా. "నేను భయపడి మూడు నెలలు రాలేదు. వచ్చినట్టు రాసుకున్నా. అది నా తప్పు. ఇంకొకటి ఉంది, అది ఇచ్చిపోతా. తర్వాత నువ్వేమన్నా చెయ్యి."

నోటుబుక్కు తెరిచి, ఎర్రగీత ఉన్న పేజీ తీసింది. దానిమీద ఐదు దారాలున్నాయి, ఈ నోటుబుక్కు మొదలుపెట్టాక కొలిచిన ఐదు నెలలవి. గోటితో ఒక్కొక్కటీ లేపింది. ఎండిన జిగురు పెచ్చులుగా ఊడింది. ఐదింటినీ అరచేతిలో పెట్టుకుని చాపింది.

"ఇవి మీ రామయ్యవి. జబ్బ ఎంత లావుందో తెలుసుకునేదానికి కోసినా, వేరేదానికి కాదన్నా. ఏసుప్రభువు తోడు. మీకియ్యాల్సినవి నేను పెట్టుకున్నా. తీసుకో."

మద్దిలేటి కదల్లేదు. ఎడ్లు మోపులోంచి గడ్డి లాక్కుంటున్నా అదిలించలేదు. చివరికి ఎడమచేత్తో ఒక దారం తీసుకున్నాడు. నూనె పట్టి నల్లబడి ఉంది. రెండు కొసలూ బొటనవేలుతో, చూపుడువేలుతో కలిపి పట్టుకునేసరికి అది గుండ్రంగా నిలిచింది. ఆ గుండ్రంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఇంత లావుండెనా వాడు?" అన్నాడు.

"ఉండెనన్నా. బాగుండె."

కొడవలి ఎప్పుడు కింద పెట్టాడో ఎవరూ చూడలేదు. అరుగుమీద కూలబడి పంచె మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అంత మనిషీ పసివాడిలా ఏడ్చాడు. లూదియాకూ ఏడుపొచ్చింది. శ్రావణమాసం నుంచి ఒంటరిగా ఏడ్చిన ఏడుపు, ఇప్పుడు ఆ పిల్లవాడి తండ్రి పక్కన నిలబడి ఏడ్చింది.

"సాల్లే నాయనా" అంది ఆదిలక్ష్మమ్మ కొడుకుతో. తరువాత చెన్ని చెయ్యి తనే ముందుకు చాపింది. "దీని చెయ్యి సన్నబడిందని నాకు తెలుస్తానే ఉంది. ఎవురికి చెప్పాల? నిన్ను రావద్దంటిమి. మళ్ళా నువ్వొస్తే బాగుండునని దినామూ దారి చూస్తాంటి."

లూదియా ముందుగా ఒక దారం పిల్ల జబ్బకు కట్టి ముడివేసి అలాగే ఉంచేసింది. "ఇది చెన్నిది అవ్వా, కోయను" అంది. ఆ తరువాతే ఇంకో దారం చుట్టి కోసింది. శ్రావణంనాటి నిజం దారం పక్కన పెడితే చిటికెనవేలి గోరంత తగ్గింది. దొంగదారాలు మూడూ దానికి పైన పొడుగ్గా, తెల్లగా ఉన్నాయి. అవేమిటో కూడా ముసలమ్మకు చూపించి చెప్పింది. మద్దిలేటి లేచి బండి కట్టాడు. సాయంత్రం బస్సుకు పిల్లతో సహా అందరూ నంద్యాల పెద్దాసుపత్రికి చేరారు. చెన్ని అక్కడ ఇరవై రెండు రోజులు ఉండి, చేతులూ కాళ్ళూ ఆడించుకుంటూ ఇల్లు చేరింది.

లూదియా ఉద్యోగం పోలేదు. దొంగదారాలను పీకేయనివ్వలేదు కమలాక్షమ్మ. వాటి కింద 'భయపడి అతికించినవి' అని రాయించింది. తన కాగితాల్లో కూడా ఒకటి రాసుకుంది, 'భయం సంగతి అడగలేదు' అని. ఆ తరువాత సంఘంలో మూడు కొత్త నియమాలు వచ్చాయి. పల్లెలో ఏ పిల్లకైనా ముందు ఒక దారం కట్టి, ఆ తరువాతే ఒక దారం కోయాలి. నంద్యాలలో నెల మొదటి శనివారం నోటుబుక్కులు తెరవకముందు బాలసేవికల జబ్బలు కొలవాలి, కమలాక్షమ్మ జబ్బతో సహా. కొలుస్తూ ప్రతి ఒక్కరినీ, ఈ నెల యాడ భయపడినావని అడగాలి. భయం ఉన్న ఊరికి ఎవరూ ఒంటరిగా పోకూడదు. మొదట్లో అమ్మాయిలు సిగ్గుపడి, 'ఏం లేదమ్మా' అనేవాళ్ళు. లూదియానే మొదలుపెట్టింది. కుక్కల దగ్గర నుంచి మొదలుపెడితే ఆ రోజు బస్సు తప్పిపోయేంతసేపు చెప్పింది.

భయం ఆమెను వదిలిపోయిందనుకుంటే పొరపాటు. ఎనభై ఏడులో కొత్త అమ్మాయిలకు దారం విద్య నేర్పే స్థాయికి వచ్చాక కూడా, బర్రె ఎదురైతే పక్కసందులోకి తప్పుకునేది.

చెన్ని ఆస్పత్రి నుంచి వచ్చిన తరువాతి నెల, జొన్నకోతల కాలంలో, లూదియా ఒక తోడు అమ్మాయితో నల్లబండపల్లె వెళ్ళింది. మద్దిలేటి కళ్ళంలో ఉన్నాడు. చొక్కా లేదు. చెన్నిని ఎత్తుకుని తెచ్చి ఆమె ముందు నిలబెట్టినప్పుడు అతని ఎడమ జబ్బ కనిపించింది. రామయ్య దారాలు ఐదింటినీ ఒకదానికొకటి ముడివేసి కట్టుకున్నాడు. అన్నీ కలిపితే అతని జబ్బకు రెండు చుట్లు వచ్చాయి.

ఆ శనివారం వరండాలో లూదియా వంతు వచ్చింది.

"యాడ భయపడినావు?" అంది కమలాక్షమ్మ, జబ్బకు దారం చుడుతూ.

"నల్లబండపల్లెలో అమ్మా."

"మళ్ళా ఏమన్నా అన్నాడా?"

"లేదమ్మా. చెన్నికి దారం చుడ్తాంటే ఆయప్ప ఊపిరి పట్టుకుని నిలబడినాడు. ఈసారి తగ్గిందంటే ఆయప్ప ఏమైపోతాడోనని నాకు భయమేసింది."

కమలాక్షమ్మ నోటుబుక్కు అందుకుని చెన్ని పేజీ తీసింది. కొత్త దారం పాతదానికన్నా పొడుగ్గా ఉంది. పొడుగు చూసి ఊరుకోకుండా, అలవాటు కొద్దీ దానిమీద వేలు పెట్టి రాసింది. వేలికి జిడ్డు తగిలింది.